చెరుకు బండి కింద గంగారాం

అరవైల్లో మాట. పక్క పొలం గంగారాం మా వంతు కాలువ నీళ్లు తన చేనుకు తిప్పుకోవడంతో మా చెరుకు ఎండిపోయింది. ఆ ఏడాదంతా చర్చిలో మోకరించి, "ప్రభువా, వాని నడుం ఇరగాలె" అని ప్రార్థించాను.

ఒకరోజు గడ్డి కోసుకొస్తుంటే, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారిలో అతని చెరుకు బండి నా కళ్లముందే బోల్తా పడింది. అతను మోపుల కింద చిక్కుకున్నాడు. నేను అడిగిందే జరగబోతోంది! కానీ నా కొడవలి అప్పటికే తాళ్లు కోస్తోంది. మోపులు లాగి పారేసి అతణ్ని బయటికి గుంజాను.

"నీ చెరుకు ఎండవెట్టినోణ్ని గద చెల్లె, నన్నెందుకు గుంజినవ్?" అన్నాడు ఏడుస్తూ.

"నాకేం ఎరుకన్నా!" అన్నాను. నిజంగానే తెలియదు. లోపల వెతికితే పగ లేదు. ఆ చెరుకు మీదే మోకరించాను.

ఇప్పటికీ దేవుణ్ని ఏదైనా అడగాలంటే భయం. అడిగింది పక్కన పెట్టి, అడిగినవాళ్లనే మార్చేస్తాడు!