కాకరకాయ తిరిగొచ్చిన సీజన్

నేనెప్పుడూ ఎవరి మీదా చేతబడి చేయించలేదు. ఒక ఆటగాడి చీలమండ బెణకాలని మాత్రం ఓ చలికాలమంతా రోజూ తలస్నానం చేసి మరీ కోరుకున్నాను. అతనికీ నాకూ ముఖపరిచయం లేదు. అతను అమెరికాలో పేరుమోసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు, నేను కాకినాడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేదాన్ని. అయినా పగ పగే.

ఇది నా పొడవు వల్ల అంటుకున్న పిచ్చి. మొగల్తూరులో చదువుకునే రోజుల్లో డ్రిల్లు మాస్టారు నన్ను చూసి, పేరు కూడా అడక్కుండా బంతి చేతిలో పెట్టారు. పెళ్ళిచూపుల్లో కాస్త వంగి కూర్చోమన్న పొడవుకి కోర్టులో మాత్రమే గౌరవం దొరికింది. ఆడడం మానేశాక చూడడం మిగిలింది. అమెరికాలో రాత్రి జరిగే మ్యాచ్ మనకు పొద్దున్నే వస్తుంది, అదీ సరిగ్గా క్యారేజీలు సర్దే వేళకి. పోపుల పెట్టెకు ఫోను ఆనించి పెట్టుకుని ఒక కన్ను మూకుడు మీద, ఒక కన్ను కోర్టు మీద వేసి వంట చేస్తాను. మావారు కూర నోట్లో పెట్టుకుని ఎవరు గెలిచారో చెప్పేస్తారు.

ఆ ఆటగాళ్ళను చూస్తే ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. తాటిచెట్టంత మనిషి, నిచ్చెన లేకుండా మా ఇంట్లో ఫ్యాన్లన్నీ తుడిచిపెట్టగలడు, పక్కవాడి మోచేతి గాలి తగిలితే చాలు పెళ్ళిలో అలిగిన ఆడపడుచులా నేలమీద చతికిలబడతాడు. రిఫరీ ఈల ఊదగానే లేచి ఏమీ ఎరగనట్టు దులుపుకుంటాడు. ముగ్గురు మీద పడుతుంటే గాల్లోకి లేచి బంతి వేసేవాడే, ఎవరూ అడ్డం రారు, తీరిగ్గా వేసుకోమంటే ఫ్రీ త్రో వెయ్యలేడు. ఇక కొన్ని రోజులు ఒంట్లో సుబ్బరంగా ఉన్నా సరే, విశ్రాంతి అని చెప్పి సూటు తొడుక్కుని బెంచీ మీద కూర్చుంటారు. మా కాలేజీలో అలా కూర్చుంటే ప్రిన్సిపాల్ గారు ఆ రోజు జీతం కోసేస్తారు.

మా జట్టుది నీలం రంగు. అందులో అతను మూతి మీద మీసం రాని వయసులో చేరాడు. మొదటి ఏడాది చేతిలో బంతి నిలిచేది కాదు. అతను నేర్చుకుంటున్నంత కాలం నేను ఓపిక పట్టాను. అమెరికాలో ఎవరు పట్టారో తెలియదు, కాకినాడలో మాత్రం నేను పట్టాను. తీరా చేయి తిరిగాక, నిరుడు వేసవిలో ఎర్ర జట్టుకు వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకోక, మైకు ముందు కూర్చుని ఇదే నా సొంత ఇల్లు అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అతనికి పేరు లేదు. కాకరకాయ అంటాం, ఎదురింటికి కూడా వినపడేలా.

ఎర్ర జట్టు ఎదురు ఫ్లాటు వదినగారిది. ఆవిడది కోనసీమ, పోర్టు దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఎదురెదురు ఇళ్ళవాళ్ళం కాబట్టి నేనావిడను వదినగారంటాను, ఆవిడా నన్ను అలాగే అంటుంది. ఆవిడకు ఈ ఆట నేర్పింది నేనే. ఒక్కదాన్నే చూస్తే తోచక, టీ ఇచ్చి, జంతికలు పెట్టి, నా సోఫాలో కూర్చోబెట్టి నేర్పాను. అంతా శ్రద్ధగా విని, మావాళ్ళను ఎక్కువసార్లు ఓడించిన జట్టు ఏదో కనుక్కుని, అదే తనదంది.

మా వంటింటి కిటికీలు రెండూ ఎదురెదురుగా ఉంటాయి. వాళ్ళ నెట్ మా నెట్ కంటే కాస్త ముందు నడుస్తుంది. నా ఫోనులో బంతి ఇంకా వాళ్ళ ఆటగాడి చేతిలోనే ఉంటుంది, అవతలి కిటికీలోంచి "అద్దీ!" అని కేక వచ్చేస్తుంది. ఇక జరగబోయే అవమానాన్ని నేను కళ్ళారా చూసి సంతకం పెట్టాలంతే. మావాళ్ళు బాగా ఆడుతుంటే మాత్రం కేక రాదు. కోపంగా మిక్సీ తిరుగుతుంది. రుబ్బడానికి ఏముంటుందో, ఏమీ లేకపోయినా తిప్పుతుందో తెలియదు గానీ ఆ చప్పుడు నా చెవులకు సన్నాయి.

చలికాలంలో ఒక పొద్దున మావాళ్ళు ఎర్ర జట్టును ఓడించారు. ఆఖరి షాటు కాకరకాయ చేతిలోకే వచ్చింది. గురి తప్పడం కాదు, బంతి బుట్ట అంచును కూడా తాకలేదు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. బజారుకు పరుగెత్తి లేత కాకరకాయలు తెచ్చి, చక్రాలు తరిగి, వెల్లుల్లి కారం వేసి వేయించాను. చేతికందిన గిన్నెలో పోసి, మీద పళ్ళెం మూసి, ఎదురింటి బెల్లు కొట్టాను.

"మీవాడేనండీ వదినగారూ. వేడి మీద తినేయండి."

ఆవిడ పళ్ళెం ఎత్తి చూసి, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా, "మావారికి షుగరని మీకెంత గుర్తండీ" అని గిన్నె అందుకుంది.

ఇంటికొచ్చి నవ్వుకుంటూ గట్టు తుడుస్తుంటే తెలిసింది, చేతికందింది అమ్మ కంచు గిన్నె అని. అమ్మ ఆవకాయకు కొలత ఆ గిన్నే. ముక్కలు దాంతోనే కొలుస్తుంది. నిండుగా కారం, నిండుగా ఆవపిండి, వేలు వెడల్పు వెలితిగా ఉప్పు. ఇంకో గిన్నె ఇస్తే చేయి కడుక్కుని లేచిపోతుంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయని నిరుడే దాన్ని నాకు అప్పగించింది. "ఇక నుంచి ఆవకాయ నీ ఇంట్లోనే పెడదాం. కాయలు నేను తెస్తాను. గిన్నె మాత్రం జాగ్రత్తే" అంది.

మా వైపు పొరుగింటి నుంచి వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. ఈ మర్యాదతో మనిషి గొంతు కోయొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. రోజులు గడిచినా గిన్నె రాలేదు. చివరికి లిఫ్టులో ఆవిడే ఎత్తింది.

"మీ గిన్నె మా ఇంట్లో ఉండిపోయిందండి. ఖాళీగా ఇస్తే ఏం బాగుంటుంది చెప్పండి? మీవాళ్ళు కప్పు కొట్టిన రోజున పూర్ణం బూరెలు పెట్టి ఇచ్చేస్తానండి. అంత తొందరేం లేదు కదండీ?"

మా నీలం జట్టు కప్పు కొట్టడం నేను ఇంతవరకూ కళ్ళతో చూడలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పిందీ నేనే.

"అబ్బే, తొందరేముందండీ" అన్నాను.

"వెళ్ళి మా అమ్మగారిదండీ అంటే ఇచ్చేస్తుంది కదా" అన్నారు మావారు. అడిగితే ఓడినట్టు. ప్రాణం పోయినా అడగనన్నాను. అమ్మ ఫోను చేసినప్పుడల్లా "గిన్నె ఏదే?" అనేది. "అటక మీద భద్రంగా ఉందమ్మా" అనేదాన్ని. ఫోను పెట్టేసి, మామిడికాయలు వచ్చేలోగా మావాళ్ళు గెలవాలని లెక్కలు వేసుకునేదాన్ని. ఏ లెక్కలోనూ గెలిచేవారు కాదు.

సీజను మధ్యలో ఎర్ర జట్టు కాకరకాయను వదిలించుకుంది. ఎవరికి? మాకే. మా యాజమాన్యానికి సిగ్గు లేదు. అతను మళ్ళీ మైకు ముందు కూర్చుని, అదే నవ్వుతో, సొంత ఇంటికి వచ్చినట్టుంది అన్నాడు. ఫోను బోర్లా పెట్టేశాను. మర్నాడు గుమ్మంలో పాలపాకెట్లు తీసుకుంటూ వదినగారు, "మీ అబ్బాయి ఇల్లు చేరాడటగా! సంతోషమండీ" అంది. ఆ సంతోషం అనే మాటను ఆవిడ ఎంత సాగదీసిందో నేను ఇక్కడ రాయలేను.

ఆ పైన అతను ఆడిన ప్రతి మ్యాచ్ నేను చేతులు కట్టుకుని చూశాను. బుట్టలో బంతి పడితే పాయింట్లు నావే, కానీ చప్పట్లు కొట్టడానికి చేతులు రావు. ద్రోహం చేసినవాడు మన మేలు కోసం చెమటోడ్చుతుంటే తిట్టడానికి కూడా వీలుండదు, అది ఇంకో శిక్ష. పైగా అతను బాగా ఆడాడు. ఎంత బాగా ఆడాడంటే, మావాళ్ళు ఫైనల్ చేరారు. అవతలి నుంచి ఎవరొచ్చారో చెప్పక్కర్లేదు. ఎర్ర జట్టే.

అక్కడ ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు, ఏడు దాకా సాగుతుంది. చెరి సమానంగా గెలుచుకుంటూ పోయి, అంతా ఆఖరి మ్యాచ్ మీదికి వచ్చింది. దాని ముందురోజు సాయంత్రం అమ్మ గోనెసంచిలో మామిడికాయలతో దిగింది.

"కాయ మెత్తబడకముందే పని అయిపోవాలి. రేపు పొద్దున్నే ముక్కలు కొట్టిద్దాం. ఆ గిన్నె దింపు" అంది.

"రేపు దింపుతానమ్మా."

"అటక దగ్గరేగా? ఇప్పుడేం?"

"స్టూలు లేదమ్మా" అన్నాను. ఇంత పొడుగు మనిషిని, స్టూలు లేదన్నాను. అమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసి, గోనెసంచి మూతి విప్పడానికి కూర్చుంది.

పొద్దున్నే అమ్మ వంటింట్లో పీట వేసుకుని ఒక్కో కాయనూ తడి లేకుండా గుడ్డతో తుడుస్తోంది. నేను పోపుల పెట్టె ముందు నిలబడ్డాను. ఎదుటి కిటికీ తెరిచే ఉంది. కాసేపు "అద్దీ!", కాసేపు మిక్సీ.

"ఆ బుట్టకి అడుగు లేదేంటే?" అంది అమ్మ.

"ఉండదమ్మా."

"అంత ఎగిరెగిరి వేసింది నిలవనప్పుడు ఎందుకే ఆ కష్టం?"

ఆట దాదాపు అయిపోయింది, మావాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. కాకరకాయ బంతి పట్టుకుని బుట్ట మీదికి వెళ్తుంటే ఎర్ర జట్టువాడు చేతి మీద కొట్టాడు. రిఫరీ ఈల వేశాడు. రెండు ఫ్రీ త్రోలు.

మొదటిది వేయకముందే ఎదుటి కిటికీ వైపు చెవి పెట్టాను. కేక రాలేదు. తరువాత నా ఫోనులో బంతి చక్కగా బుట్టలోంచి జారింది. సమానం అయ్యారు. రెండోదానికి నేను కళ్ళు మూసుకున్నాను. నాయనా, నీ చీలమండ గురించి కోరుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఈ ఒక్కటీ వెయ్యి, తరవాత నీ సంగతి చూస్తాను అనుకున్నాను. మనసారా అనుకున్నాను. అలా అనుకోవలసి వచ్చినందుకు అతన్ని ఇంకా క్షమించలేదు.

ఎదుటి కిటికీలో మిక్సీ మొదలైంది. మామూలుగా కాదు, జారు పగిలేటట్టు.

నేను గెంతేశాను. ఫోనులో కాకరకాయ ఇంకా బంతిని నేలకు కొడుతూ ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఇంకా వెయ్యలేదు కదే!" అంది అమ్మ కంగారుగా.

"వేసేశాడమ్మా!"

మిగిలిన ఆ కాస్త సమయంలో ఎర్ర జట్టు ఏమీ చేయలేకపోయింది, కప్పు మాదైంది. ఎంతోసేపు కాకుండానే బెల్లు మోగింది. గుమ్మంలో వదినగారు, చేతిలో కంచు గిన్నె, నిండా బూరెలు. "అన్న మాట ప్రకారమండీ" అంది. బూరె అప్పటికప్పుడు తయారయ్యేది కాదు. పప్పు ఉడకాలి, పూర్ణం చల్లారాలి, పైకి ముంచే తోపు పిండి రాత్రే రుబ్బుకుని ఉంచుకోవాలి. అంటే తను గెలిచి, ఊరించడానికి నాకు పంపుదామని చేసి పెట్టుకున్న బూరెలవి. ఆ సంగతి తట్టగానే నాకు ఆకలి పుట్టుకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి, ఆవిడ చూస్తుండగా ఒకటి తీసి, తుంచి తిన్నాను. జన్మలో అంత రుచైన బూరె తినలేదు.

"పూర్ణం భలే కుదిరిందండీ. నిన్ననే చేసి ఉంచుకున్నారా?"

"అవునండి" అంది పళ్ళ బిగువున. "కింద ఇంకోటి కూడా పెట్టానండి. మీవాణ్ణి మీకు అప్పగించేస్తున్నాను."

బూరెలు పక్కకు జరిపితే అడుగున కాకరకాయ వేపుడు. దానిక్కూడా నేను నవ్వాను. ఆ పూట ఏం పెట్టినా నవ్వేదాన్ని.

అప్పుడు వెనక నుంచి అమ్మ వచ్చింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. "అటక మీది గిన్నె ఎదురింటికి ఎలా వెళ్ళిందే?"

నేను ఇంకో బూరె నోట్లో కుక్కుకున్నాను. వదినగారు ఒక్క క్షణం నా మొహం చూసింది. ఆవిడకు మొత్తం అర్థమైపోయింది, గిన్నె ఎవరిదో, నేను ఎందుకు అడగలేదో. నన్ను నిలువునా పాతెయ్యడానికి అంతకంటే మంచి అదను ఉండదు.

"నేనే అడిగి పట్టుకెళ్ళానండి పిన్నిగారూ, నిన్న రాత్రి మీరు పడుకున్నాక. మా ఇంట్లో ఇంత మంచి గిన్నె లేదండి" అంది.

అమ్మ మురిసిపోయింది. కొత్త ఆవకాయ నీకూ ఇస్తానమ్మా అంది. వదినగారు వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. కప్పు మాది, గిన్నె నాది, బూరె నా నోట్లో ఉంది, అయినా ఆ నవ్వుతో ఆవిడ నా గెలుపులో సగం పట్టుకుపోయింది. ఓడిపోతే ఇంత మండేది కాదు.

అమ్మ ఆవకాయ కలిపి, మూడో రోజు తిరగగలిపి, ఉప్పు చూసి ఊరెళ్ళింది. ఎదుటి కిటికీలో మిక్సీ మామూలుగా పచ్చళ్ళకే తిరుగుతోంది. ఇల్లంతా చప్పగా ఉంది. నన్ను కాపాడిన మనిషి మీద పగ ఎలా తీర్చుకోవాలో తెలియక పాఠాలు కూడా విసుగ్గా చెప్పాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ఏ మ్యాచూ లేని రోజు, అవతలి కిటికీలోంచి "అద్దీ!" అని కేక వినిపించింది. పరుగున ఫోను తీసి చూశాను. కాకరకాయ మళ్ళీ ఎర్ర జట్టుకు సంతకం పెట్టాడు. అదే మైకు, అదే ఇల్లు, అదే నవ్వు.

దేవుడు ఉన్నాడనిపించింది. బజారుకు వెళ్ళి కాకరకాయలు తెచ్చాను. వేయించాను. గట్టు మీద స్టీలు డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిని దాటి చేయి చాపి, అమ్మ కంచు గిన్నె దించి, అందులో పోసి, పళ్ళెం మూసి, ఎదురింటి బెల్లు కొట్టాను.

వదినగారు గిన్నెను గుర్తుపట్టింది. అందుకోకుండా నా మొహంలోకి చూసింది.

"పిన్నిగారు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?"

"ఆవకాయ వేళకేనండి."

"ఖాళీగా మాత్రం పంపనండి" అంది, గిన్నె రెండు చేతులతో అందుకుంటూ.

"పంపొద్దండీ" అన్నాను.