బాపమ్మ చేపలు, పచ్చబడ్డ నీళ్లు

మొన్న ఆదివారం మా మనవరాలు తన గదిలో ఉన్న చేపల తొట్టె నీళ్లు పచ్చగా మారాయని బకెట్టు, పైపు పట్టుకుని బయలుదేరింది. అందులో మొక్కలున్నాయి, చేపలున్నాయి, ఏవీ కనబడటం లేదు. పాలకూర ఉడికించిన నీళ్లలా ఉంది. నేను కుర్చీలోంచి లేవకుండానే "నీళ్లు మార్చకు, మార్చినకొద్దీ ఇంకా పచ్చబడతాయి" అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. జన్మంతా గుడ్డ కొలిచి కత్తిరించిన మనిషికి చేపల సంగతి ఏం తెలుసని దాని అనుమానం. న్యాయమైన అనుమానమే. నాకు తెలిసిందంతా ఒక్క తొట్టె గురించి, అదీ మా బాపమ్మ పుణ్యాన. కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను గానీ దానికి తీరిక లేదు, నాకూ ఈ మధ్య మాటలకు ఓపిక చాలడం లేదు. రాయడమే తేలిక.

నాందేడ్‌లో మాది ముందు బట్టల దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో చిన్న వాకిలి. బాపమ్మ అంటే మా నాయన తల్లి. కుండల్‌వాడి నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆమెకు ఒక నేమం. పొద్దున్నే గోదావరికి పోయి గోధుమపిండి ఉండలు చేపలకు వేయాలి, అవి వచ్చి తినడం కళ్లారా చూడాలి, ఆ తర్వాతే తాను ఎంగిలిపడాలి. మా వ్యాపారస్తుల ఇళ్లలో ఇటువంటివి మామూలే. పగలంతా గిరాకీతో జానెడు గుడ్డ దగ్గర కూడా గీచి గీచి మాట్లాడే వాళ్లం కదా, పొద్దున పూట ఏ చీమకో చేపకో పిడికెడు పెడితే మనసు కాస్త తేలికపడుతుంది. అయితే బాపమ్మ నేమంలో తేలిక ఏమీ లేదు. జ్వరమొచ్చినా, వాన పడినా, ఇంట్లో పెళ్లయినా గోదావరి తర్వాతే అన్నం. పందొమ్మిది వందల డెబ్బైల్లో ఒక వానాకాలం ఆమె రేవు మెట్ల మీద జారి పడింది. ఎముక అతుక్కుంది గానీ ఆ మెట్లు మళ్లీ దిగలేకపోయింది. ఆమె బదులు నేను పోయి వేసి వస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వేస్తే నీ కడుపు నిండుతది. నాది నా కండ్లతోటి చూస్తెనే" అంది. ఎవరైనా మోసుకుపోయి దింపిన రోజున తినేది, చూడలేని రోజున మంచినీళ్లతో సరి.

అప్పటికి నేను దుకాణంలో కొత్తగా కూర్చుంటున్నాను. బేరంలో నన్ను మించినవాడు బజారులో లేడని నాకు నేనే చెప్పుకుని నమ్మిన రోజులవి. గోదావరినే ఇంటికి తెస్తానని బాపమ్మకు మాటిచ్చాను. బదిలీ మీద పోతున్న ఒక బ్యాంకు ఆఫీసరు సామాను అమ్ముకుంటున్నాడని తెలిసి వెళ్లాను. బేరం ముగిసేసరికి ఇనుప చట్రపు అద్దాల తొట్టె, ఎర్ర చేపలు, ఇసుక, పొడుగాకుల నీటిమొక్కలు, తొట్టె కింది బల్ల, బల్ల మీది గుడ్డ, అన్నీ నావే. ఆయన నుదురు తుడుచుకుని "ఇక నన్ను వదిలెయ్యవయ్యా" అన్నట్టు చేతులు జోడించాడు. అన్నీ కొసరు అడిగాను. దాన్ని ఎలా పెంచాలన్న సలహా ఒక్కటే అడగలేదు.

బాపమ్మకు బాగా కనబడాలని తొట్టెను వాకిట్లో ఎండ పడే చోట పెట్టాం. అక్కడే మొదటి పొరపాటు. రెండోది, ఆమె గోదావరికి వేసినన్ని ఉండలూ దీనికే వేయడం. నదిలో వేయి నోళ్లుంటాయి, ఇక్కడున్నవి గుప్పెడు. మిగిలిన పిండి ఇసుకలోకి దిగింది. కొన్నాళ్లు ఇల్లంతా సంబరంగా ఉంది. ఉమ్రి నుంచి సరుకు కోసం వచ్చిన గిరాకీలు సైతం లోపలికి తొంగిచూసి పోయేవారు. తర్వాత నీళ్లలో లేత పచ్చదనం కనబడింది, తర్వాత ముదురు పచ్చ. నేను రోజూ దుకాణం తెరవకముందే బకెట్లతో నీళ్లు తోడిపోసి కొత్తవి నింపేవాణ్ని. సాయంత్రానికల్లా మళ్లీ అదే రంగు. నా నడుము విరిగిందే తప్ప నీళ్లు తేటపడలేదు.

బాపమ్మ అద్దానికి ముఖం ఆనించి కూర్చునేది. "గీ నీళ్లల్ల ఏం కానొస్తలేదు రా కొడుకా. తిన్నయో లేదో ఎట్ల తెలుస్తది?"

"తిన్నయి బాపమ్మా, నేను చూసిన."

"నువ్వు రంగు పోయే గుడ్డను గూడ గిరాకీ మొకం మీదనే పోదని చెప్పెటోనివి. నీ మాట మీద నేనెట్ల తింట?"

మిట్టమధ్యాహ్నం ఎండ నిటారుగా పడ్డప్పుడు ఏదైనా ఎర్రటి తోక అద్దం దగ్గరకు వస్తే ఆమె రెండు ముద్దలు తినేది. రాని రోజున లేదు. చూస్తుండగానే చేతుల గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. మా నాయనకు భయం పట్టుకుంది. నా మీద విరుచుకుపడ్డాడు. "బజార్ల అందరినీ ఒప్పిస్తవు. ఇంట్ల ముసలామెను నాలుగు మెతుకులు తినమని ఒప్పియ్యరాదా? అవ్వకేమన్న అయితె నీ తొట్టెను నేనే పలగ్గొడ్త!"

దారి దొరికింది దుకాణంలోనే. కాలేజీలో మొక్కల పాఠం చెప్పే ఒక మరాఠీ మాస్టారు ప్యాంటు గుడ్డకు వచ్చాడు. ధర దగ్గర ఇద్దరం పట్టు మీద ఉన్నాం. చివరికి నేను ఆయన చెప్పిన ధరకే దిగుతానని, బదులుగా నా పచ్చనీళ్ల సంగతి తేల్చాలని అన్నాను. ఆయన వాకిట్లోకి వచ్చి చూసి నవ్వాడు. "పాణీ బదలూ నకా, శేట్," అన్నాడు. నీళ్లు మార్చొద్దట. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు, ఎండా పిండీ దాని తిండి, కొత్త నీళ్లు పోస్తే కొత్త ఎరువు వేసినట్టే. తొట్టెను నల్లగుడ్డతో చీకటి చేసి, కొన్నాళ్లు చేపలకు ఏమీ వేయకుండా ఉంటే నాచు దానంతట అదే చస్తుంది, చేపలకేం కాదు అన్నాడు.

ఏమీ వేయకుండా! ఆ మాట బాపమ్మతో అనడానికి నాకు సగం రోజు పట్టింది.

"అయితె అవి ఉపాసముంటే నేను గూడ ఉపాసమే" అంది.

"చీమలకెయ్యి బాపమ్మా, అదీ పుణ్యమే."

"చీమలకు మీ అమ్మ చెక్కెర డబ్బా ఉన్నది. నా పిండి వాటికెందుకు?"

"పోనీ పాలన్న తాగు. పండు తిను."

ఆమె నన్ను తేరిపార చూసింది. గుడ్డ నాణ్యం చూసే గిరాకీ చూపు అది. "తాగుత. సాబుదాణ గూడ తింట, ఏకాశి ఉపాసమున్నట్టు. కని నువ్వు గూడ నాతోని గదే తినాలె. చేపలకు లేదు, నాకు లేదు, నీకెందుకు రా అన్నం?"

అలా నా జీవితంలోకెల్లా పెద్ద బేరం ఓడిపోయాను. గొడుగులకు వాడే నల్లగుడ్డ తానులోంచి చించి తొట్టెను నలువైపులా చుట్టాను. ఆ తర్వాత రోజూ సాబుదాణ, అంటే ఉడికించిన సగ్గుబియ్యం, మింగి దుకాణంలో కూర్చోవడం, గిరాకీ ఎంత అడిగితే అంతకు ఇచ్చేయడం. బేరమాడాలన్నా కడుపులో ఏదో ఒకటి ఉండాలని అప్పుడే తెలిసింది. బాపమ్మ మాత్రం నల్లగుడ్డ పక్కనే పీట వేసుకుని కూర్చునేది. నేను అటుగా పోయినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "బతికున్నయంటవా?" ఉన్నయి అనేవాణ్ని. నాకూ ఏం తెలుసు? గుడ్డ లేపి చూడటానికి నాకే ధైర్యం లేదు. లోపల ఒక్క చేప తేలినా ఈమె ఇక నోట్లో నీళ్లు కూడా పోసుకోదని తెలుసు.

మాస్టారు చెప్పిన గడువు తీరిన పొద్దున అందరం వాకిట్లో నిలబడ్డాం. గుడ్డ తీశాను. నీళ్లు కొత్త అద్దంలా ఉన్నాయి. ఇసుకలో రాయి రాయి కనబడుతోంది. చేపలన్నీ ఉన్నాయి, ఇంకా చురుగ్గా ఉన్నాయి, ఆకుల అంచులు కొరుక్కుంటున్నాయి. నాయన సంతోషం పట్టలేక తానే వంటింట్లోకి పోయి పిండి కలుపుకొచ్చి బాపమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఉండను వేళ్ల మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఎయ్యి అవ్వా, నువ్వేస్తవనే చూస్తున్నయి" అన్నాడు నాయన.

"నేనెయ్యకున్న మంచిగనే ఉన్నయి గదరా" అంది ఆమె. గొంతులో నిష్ఠూరం లేదు. నలభై ఏళ్లుగా మోస్తున్న బిందెను దింపితే చేతికి తెలిసే ఖాళీ ఉంటుందే, అటువంటిదేదో ఉంది.

చిటికెడు వేసింది. చేపలు వచ్చి తిన్నాయి. ఆమె చూసిందో లేదో నేను చెప్పలేను. మిగతా పిండిని నాయన చేతిలోనే పెట్టి, గోడ పట్టుకుని లేచి, "ఆకలయితున్నది, నాకింత పెట్టుర్రి" అంది. ఆ మాట ఆమె నోట మేమెవరమూ అంతకు ముందు వినలేదు. కడుపు నిండా తిన్నది. మర్నాటి నుంచి చేపల కోసం ఆగలేదు, మాతో పాటే కూర్చుని తిన్నది. చేతుల మీద కండ తిరిగి వచ్చింది, నాయన గండం గడిచిందన్నాడు. నేనూ సాబుదాణ వదిలి అన్నం మీద పడ్డాను. నేను కోరుకున్నదంతా దక్కింది. అయినా వాకిట్లో ఖాళీగా ఉన్న ఆ పీట దాటిపోతుంటే, ఏదో తక్కువ ధరకు ఇచ్చేసినట్టు ఉండేది.

ఇప్పుడు దుకాణం మా పిల్లలు నడుపుతున్నారు. అప్పుడప్పుడు పోయి గద్దె మీద కూర్చుంటాను. గిరాకీ వస్తుంది, పోతుంది, నన్ను ఎవరూ ఏమీ అడగరు, అన్నీ బాగానే జరుగుతుంటాయి. మనం చేయి తీసేసినా ఆగనివాటిని తేటగా చూడగలగడానికి కూడా ఒక వయసు రావాలి. బాపమ్మకు అది ఒక్క పొద్దుటిలో వచ్చింది, నాకు ఇన్నేళ్లు పట్టినా ఇంకా కొంచెం కొంచెంగానే వస్తోంది.