బొత్తాల డబ్బాలో ఎర్ర మోటారు

పోయిన వారం హుకుంపేట దగ్గర మా అత్త ఇంటికి వెళ్ళినప్పుడు, చీర అంచు కుట్టుకుందామని ఆమె బొత్తాల డబ్బా తీశాను. సూది కోసం వెతుకుతుంటే అడుగున కోడిగుడ్డంత ఎర్ర మోటారు చేతికి తగిలింది. అంతే, నేను ఆ ఊళ్ళో కొత్తగా టీచరుగా చేరి వాళ్ళింట్లోనే ఉన్న ఆ శీతాకాలమంతా తిరిగొచ్చింది. పొగమంచులో తేలుతున్నట్టుండే సిమెంటు కళ్ళం, దాని మీద ఆరబోసిన కాఫీ పళ్ళ పులిసిన తీపి వాసన, పొద్దుటిపూట ఎవరు నడిచొస్తున్నా ముందు మాటలు వినబడి తర్వాత మనిషి కనబడటం.

మావయ్య లారీ డ్రైవరు. అంతకు ఏడాది ముందు సాలూరు ఘాట్‌లో ఆయన లారీ లోడుతో సహా మలుపులో ఒరిగిపోయింది. దెబ్బలు తగల్లేదు గానీ ధైర్యం పోయింది. ఓనరు ఎన్ని కబుర్లు పంపినా స్టీరింగు ముట్టలేదు. విశాఖపట్నంలో రిమోటు కార్ల పందేలు ఆడే స్నేహితుడొకడు, దిగులు మరుస్తాడని మూరెడు పొడుగు పాత కారొకటి తెచ్చిచ్చాడు. మావయ్య దాంతో ఏకంగా ఒట్టే పెట్టుకున్నాడు. ఆదివారం ఆ స్నేహితుడి పట్నం జట్టుతో మా కళ్ళం మీద జరిగే పందెంలో ఐదు చుట్లూ బోల్తా పడకుండా తిప్పితే లారీ ఎక్కుతాడట, పడితే ఈ జన్మకు ఎక్కడట. ఇంతా చేసి, కొండెక్కే బండికి దమ్ముండాలన్న డ్రైవరు బుద్ధి కదా, చాపలా చదునుగా ఉన్న కళ్ళానికి కూడా అన్నిటికంటే బలమైన ఎర్ర మోటారు తెప్పించి బిగించాడు. వేలు తగిలితే చాలు కారు దూకేది. మలుపు రాగానే వెల్లకిలా పడి చక్రాలు గాల్లో తిప్పుకునేది. అప్పుడాయన ముఖం చూడలేకపోయేదాన్ని.

రోజూ కాఫీ పళ్ళు తిరగేస్తూ అత్త ఇదంతా చూస్తూనే ఉంది. శనివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా కారు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"పాత మోటారే ఎట్టీయే గుంటా. ఆయనకి సెప్పకు," అంది.

రెండు మరలు, రెండు తీగలు. ఆయన చేస్తుంటే చూసి నేర్చుకున్న పనే, ఆయన లేచేలోపు ముగించాను. ఊడదీసిన ఎర్ర మోటారుని అత్త పట్టుకెళ్ళి దాచేసింది.

ఆదివారం చర్చి నుంచి రాగానే అత్త పళ్ళు కుప్పచేసి కళ్ళం ఊడ్చిచ్చింది. మూడు కార్లు బయల్దేరాయి. పట్నం కార్లు రెండూ మావయ్య కారుని దాటిపోయాయి, వాటిలో ఒకటి రెండో మలుపులోనే బోల్తా కొట్టింది. మావయ్య మాత్రం మలుపు రాకముందే వేలు వదులుతూ, తిరిగాక మెల్లగా నొక్కుతూ, లోడు లారీని ఘాట్ దింపుతున్నట్టే నడిపాడు. ఐదు చుట్లూ పూర్తయ్యేదాకా అత్త చీపురు కింద పెట్టలేదు. రెండో స్థానం వచ్చింది. మర్నాడే లారీ ఎక్కాడు.

ఇప్పుడాయన వయసు మీదపడి లారీ మానేసి వసారాలోనే ఉంటున్నాడు. అత్త పెరట్లో ఉండటం చూసి, మోటారు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన నవ్వాడు.

"లారీవోణ్ణి, ఇంజను సప్పుడు తెల్దేటి నాకు? మొదటి సుట్టులోనే తెలిసింది. ఆ సప్పుడు తగ్గితే గానీ నా సెయ్యి నాకు గుర్తు రాలేదమ్మా." పెరటివైపు చూసి, "మీ అత్తకి సెప్పకు," అన్నాడు.

మోటారుని మళ్ళీ బొత్తాల కింద దాచి మూత పెట్టాను. ఇరవై ఏళ్ళలో కాలం ఆ ఇంటి నుంచి చాలా పట్టుకుపోయింది గానీ, ఈ ఒక్కదాన్ని మాత్రం మా ముగ్గురితో కలిసి దాచిపెట్టింది.