ఆముదాల బండ మీద ఈస్టరు సోమవారం

తెల్లవారుజామున అయిదుంబావుకి నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కాను. మా వారు స్టాండు దాకా వచ్చి, "మీ మేనత్తను ఆపడానికి పోతున్నావా, ఆమెతో కలిసి జారడానికి పోతున్నావా?" అని అడిగారు. ఆపడానికే అన్నాను. అప్పటికి నిజంగా అదే నా ఉద్దేశం.

ఉదయగిరి దాటి సీతారామపురం దారిలో ఆముదాల బండ అని నున్నటి కొండచరియ ఒకటుంది. ఏటా ఈస్టరు మర్నాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అన్నం మూటలు కట్టుకుని అక్కడికి పోతారు. పక్కనున్న మెట్లెక్కి, తాటిమట్ట మీద కూర్చుని పైనుంచి కిందికి జారుతారు. మా చర్చి వాళ్లు మొదలుపెట్టిన ఆట అంటారు గానీ, నాకు తెలిసినప్పటి నుంచీ ఊరంతా జారుతూనే ఉంది. పెళ్లయ్యాక నేను మాత్రం ఆ వైపు పోలేదు.

మా మేనత్త రాహేలమ్మకు అరవై నాలుగేళ్లు. ఉదయగిరిలో పంతులమ్మగా చేసి ఆత్మకూరులో స్థిరపడింది. ఆమె మోకాళ్లు అరిగిపోయాయనీ, ఇక మెట్లు ఎక్కొద్దనీ డాక్టరు చెప్పాడు. "వచ్చే ఏడు ఎట్లాగూ ఎక్కలేను. ఈసారికి ఒక్కటంటే ఒక్కసారి పైనుంచి జారాలి, తోడు రా" అని నాకు కార్డు రాసింది. ఇంట్లో వాళ్లంతా కలిసి ఆమెకు బుద్ధి చెప్పమని నన్ను పంపారు.

ఏడింటికి ఆత్మకూరులో దిగాను. అత్త అప్పటికే స్టాండులో ఉంది. తడిగోతంలో చుట్టిన తాటిమట్ట ఒక చేతిలో, పులిహోర గిన్నె రెండో చేతిలో. మట్టను రాత్రంతా తొట్లో నానబెట్టిందట. అలా నానిందయితేనే ఒంటికి మెత్తగా ఉంటుంది. డిపో ఎదురుగా వేడి ఇడ్లీలు తిన్నాం, కారప్పొడిలో నెయ్యి బాగానే పోశారు. ఆమెకు చెప్పాల్సిన బుద్ధులన్నీ మూడో ఇడ్లీ దాకా చెప్పాను. ఆమె నాలుగోది నా ఆకులో వేసి, బస్సొచ్చిందని లేచింది.

ఏడున్నర ఉదయగిరి బస్సులో కండక్టరు మట్టకు లగేజీ టిక్కెట్టు కొట్టాలని పేచీ పెట్టాడు. ఎందుకో తెలిశాక నవ్వి వదిలేశాడు. మా ముందు సీట్లో సీతారామపురం రైతు ఒకాయన, పేరు మాలకొండయ్య, వెనక్కి తిరిగి అసలు సంగతి చెప్పాడు. హైదరాబాదు కంపెనీ ఎవరో బండను లీజుకు తీసుకున్నారట. వాళ్లకే ఇంకెక్కడో ఒక జలపాతమూ, ఒక చెరువులో పడవలూ ఉన్నాయట. మూడింటికీ కలిపి ఏడాది కార్డు అమ్ముతున్నారట.

"మనిషికి పదిహేను రూపాయలు, మూడంటే మూడుసార్లు జారాల. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటే ఇదే తల్లీ" అన్నాడు. అత్త గోతం మీద చెయ్యి వేసుకుని కిటికీలోంచి కొండ వైపు చూస్తూ కూర్చుంది. ఆ మొహం చూశాక నాకు ఆపాలన్న బుద్ధి సగం పోయింది.

తొమ్మిదింబావుకి ఉదయగిరి. అక్కణ్ణించి జీపు. మనిషి మీద మనిషిని ఎక్కించినా అరగంటలో చేర్చాడు. బండ పడమటి చరియ కాబట్టి పన్నెండు దాకా నీడలో ఉంటుంది. ఎండ పడిందంటే ఇక దాని మీద చెయ్యి పెట్టలేం. వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

చుట్టూ ముళ్లకంచె, ముందు ఇనప గేటు, పక్కన బోర్డు. బయటి తిండి తేరాదు. సొంత సామాను తేరాదు. యాభై దాటిన వాళ్లు జారరాదు. పులిహోర గిన్నె గేటు దగ్గరే పట్టేశారు. లోపలి కాంటీనులో అలాంటి పులిహోరే మూడింతల ధరకు ఉంది. తాటిమట్టలన్నీ కట్టెల మోపులా కంచె పక్కన పేర్చారు. జారడానికి కంపెనీ వాళ్ల ప్లాస్టిక్ పళ్లాలు తీసుకోవాలి, దానికి మరో అయిదు. మెడకు టై కట్టుకున్న కుర్ర మేనేజరు అత్తను చూసి, చాలా మర్యాదగా, కుదరదమ్మా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆపడానికి వచ్చినదాన్ని ఆయనతో పావుగంట పోట్లాడాను. లాభం లేదు. అత్త గేటు పక్కన రాయి మీద కూర్చుండిపోయింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం మా నాయన పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే.

ఇంతలో లోపల గోల మొదలైంది. బద్వేలు నుంచి వచ్చిన భారీ మనిషి ఒకాయన బండ పైన పళ్లెంలో కూర్చున్నాడు. కదల్లేదు. వెనక నుంచి ఇద్దరు తోశారు. ఒక జానెడు కదిలి ఆగాడు. పడవ నడిపినట్టు రెండు చేతులతోనూ తోసుకున్నాడు. తర్వాత ఎక్కినవాళ్ల గతీ అంతే. కాసేపు అందరూ నవ్వారు, ఆ తర్వాత డబ్బు వెనక్కిమ్మని మేనేజరు మీద పడ్డారు.

అత్త లేచి కంచె సందులోంచి చెయ్యి పెట్టి బండ అంచు తడిమింది. అరచేతికి తెల్లటి పొడి అంటుకుంది. ఏం చేశారని కాపలా మనిషిని అడిగితే, బండంతా జిడ్డుపట్టి నల్లగా ఉంటే ఎనిమిది మంది కూలీలతో నాలుగు రోజులు బ్లీచింగు పోసి, ఇనప బ్రష్షులతో తోమించారని గొప్పగా చెప్పాడు. అత్త నెత్తి కొట్టుకుంది. మేనేజరును పిలిచింది.

"దోసెల పెనాన్ని బూడిదేసి తోమితే దోసె లేస్తాదా అబ్బయా? అది జిడ్డు గాదు. మా అవ్వల కాడి నుంచి ఆముదాలు రుద్ది, కూర్చోని కూర్చోని తెచ్చిన నునుపు."

మేనేజరు మొహం వాడిపోయింది. ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు.

"గేటు తియ్. ఆముదాలు అందరి కొంగుల్లోనూ ఉండాయి. మా మట్టలు మాకియ్. ఒకరిద్దరి వల్ల అయ్యే పని గాదు, అందరూ రావాల."

అతను వాచీ చూసుకున్నాడు, జనాన్ని చూశాడు, గేటు తీశాడు. అప్పుడు పదిన్నర.

ఆ తర్వాతి గంటను నా జన్మలో మరచిపోను. పైనుంచి కింది దాకా వంద మందికి తక్కువ కాకుండా బండ మీద వరసగా కూర్చున్నాం. జారే ముందు బండకు గుప్పెడు ఆముదపు గింజలు రుద్దడం ఇక్కడి ఆనవాయితీ కాబట్టి ప్రతి కొంగు చివరా చిన్న మూట ఉంది. గింజలు రాళ్లతో చిదిపి, పాతగుడ్డలతో రుద్దాం. ఒకామె చర్చి పాట ఎత్తుకుంది. మాలకొండయ్య అందులో తనకు వచ్చిన చోట గొంతు కలిపాడు, రాని చోట ఇంకా గట్టిగా కలిపాడు. బద్వేలు ఆయన చొక్కా విప్పి దానితోనే రుద్దాడు. వయసు మీరినవాళ్లను ఎవరూ అడగలేదు, బోర్డు వైపు ఎవరూ చూడలేదు. గేటు దగ్గరి గిన్నెలన్నీ లోపలికి వచ్చేశాయి.

మొదట జారినవాళ్లు రెండు గజాలకు ఆగారు. తర్వాతివాళ్లు పది గజాలు పోయారు. జారేకొద్దీ బండ నల్లబడింది. పదకొండుముప్పావు అయ్యేసరికి కొండ నెత్తిన ఎండ కనిపించింది. అత్త నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. నాలుగు మెట్లకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంది. తొందర పెట్టాలనీ ఉంది, ఇక చాలు అనాలనీ ఉంది. ఆమె ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. పైన మేనేజరు నిలబడి ఉన్నాడు. పక్కకు జరిగి, "ముందు మీరే అమ్మా" అన్నాడు.

అత్త చీర గోచీగా దోపుకుని మట్ట మీద కూర్చుంది, దాని కాడ రెండు చేతులతో పట్టుకుంది. నన్ను తోయమంది. తోశాను. అరవై నాలుగేళ్ల మనిషి చరియ పొడుగునా కేక పెట్టుకుంటూ పోయి కింద ఇసకలో బోర్లా పడింది. నేను మెట్ల వైపు పరుగెత్తబోయాను. ఆమె లేచి, రెండు చేతులూ ఎత్తి, పిచ్చిదానిలా నవ్వింది. కింద నుంచి పైదాకా అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మేనేజరు టైతో సహా జారాడు. నేను మూడుసార్లు జారాను, లెక్క ఎవరూ చూడలేదు.

భోంచేసి, జీపులో ఉదయగిరి వచ్చి నాలుగు గంటల బస్సు అందుకున్నాం. నాకొక సంగతి గుచ్చుకుంటూనే ఉంది. రేపు ఆ గేటు మళ్లీ వేస్తారు, మనం రుద్దిన నునుపునే మళ్లీ పదిహేను రూపాయలకు అమ్ముతారు. ఆ మాటే అత్తతో అన్నాను.

"అమ్ముకోనీ పాపా. మళ్లీ తోముకుంటే మళ్లీ మన కాడికే రావాల. నేను జారినాను, నాకది చాలు."

ఆత్మకూరులో అత్తను దించి వస్తానంటే, నెల్లూరు దాకా నాతోనే వస్తానంది. ఆరున్నర బస్సు సగం ఖాళీ. బండ నుంచి వచ్చినవాళ్లం పదకొండు మందిమి ఎక్కాం. ఇన్ని సీట్లుంటే ఎందుకు నిలబడ్డారని కండక్టరు అడిగాడు. ఒకాయన కూర్చోబోయి, అమ్మా అంటూ మళ్లీ లేచాడు. అత్త చిరిగిన చీర వెనక వైపు కొంగు కప్పుకుని కమ్మీ పట్టుకుంది. పదకొండు మందిమీ నెల్లూరు దాకా నిలబడే, నవ్వుతూనే వచ్చాం.