కొత్త కాలేజీ వెనక కాలువ

నా చిన్నప్పుడు అచ్చులో ఉన్నదేదీ అబద్ధం కాదని నమ్మేదాన్ని. బెంగాలీవాళ్ళ మహానగరంలో, రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా సందు చివర చిన్న గ్రంథాలయం ఉండేది. స్కూలు అయిపోగానే అక్కడికి పరిగెత్తి, దొరికిన ప్రతి పుస్తకాన్నీ కూడబలుక్కుని చదివేదాన్ని. ఒకసారి అణు రియాక్టర్ గురించి బొమ్మల పుస్తకం దొరికింది. లోపల పుట్టే వేడిని నీళ్ళు ఎలా మోసుకుపోతాయో సందులో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. చాలామంది విన్నట్టు తలూపి వెళ్ళిపోయారు. పక్కింటి అక్క మాత్రం ఆ పుస్తకం అడిగి తీసుకుంది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైన ఆ అక్క, చదివితే న్యూక్లియర్ ఇంజనీరింగే చదువుతానని పట్టుపట్టింది.

అప్పటికే ఆమెకు ప్రభుత్వ కాలేజీలో మెకానికల్ సీటు వచ్చింది. సోమవారంలోగా అసలు సర్టిఫికెట్లు అప్పగించి చేరాలి. సరిగ్గా ఆ వారమే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన కాలేజీ బొమ్మలున్న రంగుల పుస్తకంతో మా సందుకు వచ్చాడు. ఊరి శివార్లలో బడ్జ్ బడ్జ్ అవతల కొత్త కాలేజీ పెట్టారని, న్యూక్లియర్ ఇంజనీరింగ్ ఉందని, ఫీజు తక్కువని, ఆడపిల్లలకు హాస్టల్ ఉచితమని చెప్పాడు. ముందుగా సర్టిఫికెట్లు ఇచ్చేస్తే సీటు ఖాయమట. అవి ఒకచోట ఇస్తే రెండోచోట ఇవ్వడానికి ఉండవు, ప్రభుత్వ సీటు పోయినట్టే.

అన్నిటినీ మించి ఆయన తెలుగు మాట్లాడాడు. వలస వచ్చిన రేవు పనివాళ్ళూ కార్పొరేషన్ పనివాళ్ళూ ఉండే మా సందులో, చదువుకున్న తెలుగు మనిషి వచ్చి కుర్చీలో కూర్చోవడమే గొప్ప. అక్క వాళ్ళమ్మ టీతో పాటు చేపల వేపుడు కూడా పెట్టింది. మనవాడు మనల్ని ముంచుతాడా అన్నారంతా.

మా తాతయ్య ఒక్కడికే నమ్మకం కుదరలేదు. ఆయన కార్పొరేషన్‌లో మురుగు కాలువలు బాగుచేసి రిటైరైన మనిషి, అక్షరం రాదు. "మంచి కాలేజీకి పిల్లలెల్తారు గానీ, కాలేజీయే పిల్లల ఇంటికొస్తాదేటి?" అన్నాడు.

అక్క ముఖం ముడుచుకుంది. "ఆడపిల్ల సదువుకుంతే తాతకి సూడబుద్ది కాదు" అని నా చెవిలో అంది. నాకూ ఆ అనుమానమే ఉండేది. అంతకన్నా హీనంగా, చదువు రాదు కనుక ఆయనకు పుస్తకాలంటే కుళ్ళేమోనని కూడా అనుకున్నాను. అది ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

శనివారం తాతయ్య అక్కను బయలుదేరదీశాడు. సర్టిఫికెట్లు ఇచ్చే ముందు ఒకసారి చూసొద్దామన్నాడు. బోర్డులు చదివిపెట్టడానికి నన్నూ వెంట తీసుకున్నాడు. బస్సులో అక్క ఆయన పక్కన కూర్చోలేదు. ఫైలును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను రంగుల పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ పైకి చదివాను, తాతయ్య వినాలని.

కాలేజీకి కొత్త సున్నం వేసి ఉంది. ఇస్త్రీ చొక్కా ఆయన ఎదురొచ్చి ప్రయోగశాల చూపించాడు. పొడుగాటి బల్లలు, తెల్లటి సింకులు, తళతళలాడే కుళాయిలు. అక్క ఆ బల్లల మీద చెయ్యి వేసి నిమిరింది. తాతయ్య ఒక కుళాయి తిప్పాడు. నీళ్ళు రాలేదు.

"ఈ రోజే మోటారు చెడిపోయింది తాతగారూ" అన్నాడాయన. తాతయ్య తలూపాడు.

ఫారాలు తేవడానికి ఆయన ఆఫీసు గదిలోకి వెళ్ళగానే తాతయ్య మమ్మల్ని భవనం వెనక్కి నడిపించాడు. సింకుల గొట్టాలు గోడలోంచి బయటికొచ్చి ఒక సిమెంటు కాలువలో దిగే చోటు అది. ఆయన గొంతుక్కూర్చుని, ఉద్యోగంలో ఉన్నట్టే, ఒక్కో గొట్టాన్నీ చేత్తో తడిమాడు. మేస్త్రీలు వదిలిన సిమెంటు పొడి కాలువలో పడ్డది పడ్డట్టే ఉంది. ఒక గొట్టం మూతికి అడ్డంగా సాలెగూడు, దాని నిండా ఎండిన దోమలు.

"మోటారు ఇయ్యాలే సెడిపోనాదంట. మరి సాలీడుకి ముందే ఎలా తెలిసినాదో" అన్నాడు.

అక్క నవ్వలేదు. "కొత్త బిల్డింగు కదా తాతా. ఇంకా వాడనేదేమో."

"అవ్వొచ్చమ్మా. మరి ఆ పుస్తకంలో పిల్లలు ఏ గదిలో సదువుతన్నారు?"

నేను పేజీ తిప్పాను. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు, వాళ్ళ ముందు గాజు గొట్టాలు, వాళ్ళ వెనక కిటికీ, ఆ కిటికీలో ఒక పచ్చని కొండ. తలెత్తి చుట్టూ చూశాను. వరిపొలాలు, జూట్ మిల్లు పొగగొట్టం, దూరంగా గంగ గట్టు. ఎక్కడా మిట్ట కూడా లేదు. ఆ పుస్తకాన్ని అక్షరం వదలకుండా పదిసార్లు చదివినదాన్ని, బొమ్మను ఒక్కసారీ సరిగా చూడలేదు.

అంతలో ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. "సర్టిఫికెట్లు ఇవ్వండమ్మా, సీట్లు అయిపోతున్నాయి" అని చెయ్యి చాపాడు.

అక్క ఫైలు ఇవ్వలేదు. "ఈ కొండ ఎక్కడుందండీ?" అని బొమ్మ చూపించింది.

"అది మా పాత క్యాంపస్ అమ్మా."

"అదెక్కడ?"

ఆయన వాచ్‌మన్ వైపు తిరిగి, వీళ్ళను వెనక్కి ఎవరు రానిచ్చారని బెంగాలీలో కసిరాడు. మళ్ళీ మాతో తెలుగు మాట్లాడలేదు. అక్క ఫైలును గుండెకు అదుముకుని గేటు వైపు నడిచింది.

సోమవారం ఆమె ప్రభుత్వ కాలేజీలో చేరింది. మెకానికల్ చదివాక న్యూక్లియర్ పై చదువుకు వెళ్ళొచ్చని అక్కడి మేడమ్ ఒకరు చెప్పారట. ఇంటి మీద భారం పడకుండా ఆ దారినే వెళ్ళింది. ఇప్పుడు ఒక అణు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తోంది.

కానీ నాకు బాగా గుర్తుండిపోయింది తిరుగు బస్సు. అక్క తాతయ్య పక్కనే కూర్చుని నిద్రపోయింది. నేను మెల్లగా అడిగాను. "తాతా, ఆ కాలవలో నీల్లుంటే ఏటి సేసేవోడివి?"

"ఏటి సేస్తాను? మీ ఇద్దరి ముందూ నాది తప్పని ఒప్పుకుని, దాన్ని సేర్పించొచ్చేవోన్ని. ఇంట్లో కూకుని అనుమానపడితే పిల్ల నోటికాడ కూడు లాగేసినట్టే కదా" అన్నాడు.

ఆ తరువాత చాలా పుస్తకాలు చదివాను. అనుమానపడడం ఎలాగో వాటిలోనూ నేర్చుకున్నాను. ఆ అనుమానాన్ని తీర్చుకోవడానికి బస్సెక్కాలన్నది మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మొన్న మా తమ్ముడి కూతురు ఫోనులో ఒక కాలేజీ చూపించింది. అక్కడా న్యూక్లియర్ ఇంజనీరింగే, ఫీజు తక్కువే, బొమ్మలు చక్కగానే ఉన్నాయి. నా మనసు ఒప్పుకోలేదు, కానీ వద్దని అనలేదు. గ్రంథాలయానికి వెళ్ళి కాలేజీల ప్రభుత్వ గుర్తింపు సంగతులు చదివి రాసుకున్నాను. మంగళవారం మేమిద్దరం రైలెక్కుతున్నాం. నాది తప్పని తేలితే అక్కడే, దాని ముందే ఒప్పుకుంటానని దానికి మాటిచ్చాను.