ఆపరేషన్ అయిన కాలికి నేను చేసిన మర్దన

ప్రాక్టీసులో పడినప్పుడు ఎడమ మోకాల్లో టప్పుమందని నిత్య ఫోనులో చెప్పింది. పోటీకి పది రోజులే ఉంది. "కట్టు కట్టారవ్వా, ఏం కాదులే" అంది.

మాది కడప దగ్గర పల్లె. ఒమన్ దేశం సూర్‌లో గ్యాస్ ప్లాంటు ఇంజనీరు సార్ ఇంట్లో పనికి కుదిరి ఆయన కూతురు నిత్యను ఆరేళ్లప్పటి నుంచి సాకాను. పదేళ్లప్పుడు ఆ పిల్లను ఆస్ట్రియాలో మేనత్త ఇంటికి పంపారు. కాళ్లకు పలకలు కట్టుకుని మంచు కొండ మీది నుంచి కిందికి దూకినట్టు జారే పందెం అక్కడ నేర్చింది. డౌన్‌హిల్ అంటారు. పందొమ్మిదేళ్లకు ఛాంపియన్ అయింది.

వాచిన మోకాలికి నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించి కోచ్ ఆమెను పోటీలో దింపాడు. గెలిచింది. సార్ ప్లాంటంతా మిఠాయిలు పంచాడు. మరుసటి వారం పందెంలో అదే మోకాలు పూర్తిగా పోయింది. ఎం.ఆర్.ఐ. తీసి ఏసీఎల్ టియర్, అంటే మోకాలి లోపలి పట్టీ తెగింది అన్నారు. సర్జరీ అయింది. కొన్ని వారాలు విమానం వద్దని అక్కడి డాక్టరు చెప్పాడు. సార్ ఆరో రోజే సూర్‌కు తీసుకొచ్చేశాడు. ఎందుకు? ఇక్కడి తెలుగువాళ్లు సన్మానం పెట్టుకున్నారట! నిలబడలేని పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పి ఫోటోలు దిగారు.

సన్మానం అయిన రెండో రోజు "పిక్క పట్టేసిందవ్వా" అంది. పిక్క వాచి వేడిగా ఉంది. సార్‌కు చెబితే రేపు చూద్దాం అన్నాడు. మా వైపు పిక్క పట్టేస్తే నువ్వుల నూనె కాచి నొక్కుతాం. రెండు పూటలా గట్టిగా నొక్కాను. మరునాడు పొద్దున పిల్లకు ఊపిరాడలేదు.

హాస్పిటల్‌లో డాక్టరమ్మ కాలికున్న జిడ్డు చూసి, మర్దన ఎవరు చేశారని హిందీలో అరిచింది: "మాలిష్ కిస్‌నే కియా?"

"మైనే" అన్నాను.

"ఇది డీవీటీ. కాలి నరంలో రక్తం గడ్డ కట్టింది. ముక్క ఊడి లంగ్స్‌లోకి పోయింది. నొక్కితే ఊడదా మరి?"

సార్ నా మీదికి తిరిగాడు. "బుద్ధుందా నీకు?"

"డిశ్చార్జి కాగితం ఎవురి జేబులో ఉండాది సార్? నాకు సదివి చెప్పినారా?"

డాక్టరమ్మ ఆ కాగితం అడిగి తీసుకుంది. పిక్క వాస్తే వెంటనే రమ్మనీ, మర్దన చేయొద్దనీ అందులో ఇంగ్లీషులో రాసే ఉంది. నాకు అప్పటికి అక్షరం రాదు. అయినా తప్పు నాది కాదనను. నొక్కింది నా చేతులే. కానీ నా ఒక్కదానిదే అంటే ఒప్పుకోను.

ఐదు రోజులు ఐసీయూ. తరువాత ఆరు నెలలు రక్తం గడ్డకట్టకుండా బ్లడ్ థిన్నర్ మాత్రలు. పళ్లు తోముకుంటే రక్తం, కాలు వంచితే ఏడుపు. మూడో నెలలోనే కోచ్ ఫోన్ చేశాడు.

"వచ్చే సీజన్‌కి రెడీనా అంటున్నాడమ్మా, ఏం చెప్పను?" అన్నాడు సార్.

"ఈ కాలు మీది కాదు డాడీ. ఫోన్ పెట్టేయండి" అంది నిత్య.

ఇప్పుడు సముద్రం ఒడ్డున కుంటకుండా నడుస్తోంది. మళ్లీ మంచు ఎక్కుతుందో లేదో తనే తేల్చుకుంటుంది. నేను అరవై దాటాక తన దగ్గరే అక్షరాలు దిద్దుకుని ఇది రాస్తున్నాను.

చెప్పేది ఒక్కటే. ఆపరేషన్ తరువాత ఒక పిక్క వాచి వేడెక్కితే చెయ్యి వేయకండి, ఆ గంటలోనే హాస్పిటల్‌కు పొండి. రేపు చూద్దాం అనే పెద్దమనిషి ఇంట్లో ఉంటే, వాడి మాట అసలు వినకండి.