పెదవుల మీద వేలు

సుందర్ రాజ్ గారు ఎవరు ఎదురైనా ముందు పెదవుల మీద వేలు పెట్టుకుంటారు. వందనాలు ఆ తరువాతే. ఆయనకు నిశ్శబ్దం పిచ్చి అని అమెరికాలోని ప్లేనో ఊళ్ళో తెలుగు చర్చి మొత్తానికీ తెలుసు.

ఇంటి వెనక రెండు గదులున్నాయి. మంచం నుంచి చెంచా దాకా అన్నీ అమర్చి, ఊరూరా తిరిగి పనిచేసే నర్సులకు పదమూడేసి వారాలు అద్దెకిస్తారు. ఈసారి వచ్చింది ఒంగోలు అమ్మాయి పర్సిస్. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.

మొదటి రోజే ఆయన ఆమె ముందు కుర్చీ అటూ ఇటూ జరిపారు.

“వినిపించిందా?”

“లేదంకుల్.”

“అదీ! కుర్చీ కాళ్ళకి ఫెల్ట్ గుడ్డ అతికించా. డోర్‌బెల్ పీకేశా. ఫ్రిజ్ మూడోది. మొదటి రెండూ గురక పెట్టాయి.”

పగటిపూట ఆ ఇంట్లో కుక్కర్ కూత వేయకూడదు. ఆయన భార్య లూసీ గారు పప్పు గిన్నెలోనే ఉడికిస్తారు. గడ్డి కోసే మెషీన్‌తో వచ్చినవాడికి ఆయన చల్లటి నీళ్ళిచ్చి, సాయంత్రం రమ్మని పంపేస్తారు. చర్చి పాటల బృందం ఇంటికొస్తే పాట మొత్తం గొంతు లేకుండా పెదవులు మాత్రమే కదిపి పాడించారు.

“దేవుడికి వినిపిస్తుందిలే!”

ఇంత చేసినా పర్సిస్‌కు నిద్ర పట్టలేదు. నల్లటి కర్టెన్ల మధ్య తన గుండె చప్పుడు వింటూ పడుకునేది. మూడు వారాలు గడిచాయి. ఒక రాత్రి వార్డులో మందు సీసా మీద పేరు మూడుసార్లు చదివితే గాని బుర్రకెక్కలేదు. భయం వేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక లూసీ గారికి చెప్పేసింది.

“ఆంటీ, ఖాళీ చేస్తాను. ఈ సైలెన్స్‌లో నిద్ర రావట్లేదు. అంకుల్‌కి సౌండంటే అంత కోపమా? తుమ్మాలన్నా భయంగా ఉంది.”

లూసీ గారు పకపకా నవ్వారు.

“కోపమా! ఆయనంత వాగుడుకాయ ఇంకోడు లేడు. వాళ్ళమ్మ నర్సు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే, ఐదేళ్ళ వయసులో ఈయన గుమ్మంలో కూర్చుని కాకుల్ని తోలేవారట. నర్సు నిద్రంటే ఆయనకి ప్రాణం. నువ్వొచ్చాక నోరు మూసుకుని మనిషి సగమైపోయారు.”

వెనకనుంచి సుందర్ రాజ్ గారి గొంతు వినిపించింది. అంత పెద్ద గొంతని పర్సిస్‌కు అప్పుడే తెలిసింది.

“నీకేం సౌండ్ కావాలమ్మా? చెప్పు!”

“ఏదో ఒకటి అంకుల్. మా ఇంట్లో పక్కగదిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్ళు. అది వింటూ పడుకునేదాన్ని.”

“అంతేనా?”

“అంతే.”

మర్నాడు ఉదయం పర్సిస్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. సుందర్ రాజ్ గారు ఆమె కిటికీ కింద కుర్చీ వేసుకుని, బాపట్లలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశారు. గోంగూర పచ్చడిలో వెల్లుల్లి ఎంత వేయాలన్న దగ్గర గొంతెత్తి వాదన మొదలుపెట్టారు. వెల్లుల్లి లెక్క తేలకముందే పర్సిస్ నిద్రపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. చెల్లెలు విసిగి పెట్టేస్తే, తమ్ముడికి చేశారు.